గాజు గొట్టంల పచ్చ నురుగు

మంగళవారం, కరీంనగర్

పాచిని నీళ్లల్ల కాకుండ నురుగుల పెంచుడే నా పీహెచ్‌డీ. నురుగు నిలవాలంటే సబ్బు లాంటిదేదన్న కలపాలె. నురుగును నిలబెట్టిన మందులన్నీ పాచిని చంపినయి. చంపని మందుతోని నురుగు గంటసేపు గూడ నిలవలే. ఆఖరుకు అవ్వ పంపిన కుంకుడుకాయల రసం పోసిన. పది రోజుల సంది నురుగు నిలిచింది, పచ్చగనే ఉన్నది. రేపు హైదరాబాద్ నుంచి పెద్ద సైంటిస్టులు చూడనీకి వస్తున్నరని మా గైడ్ సార్ ఎంత సంబురపడ్డడో.

ఇయ్యాల లాబ్ అటెండర్ లచ్చక్క చాయ్ తాగుకుంట, "గా గొట్టంల నురుగు రెండో రోజుకే తెల్లవడ్డది బిడ్డా" అన్నది. "ఇంతకుముందటి నురుగు పోయినప్పుడు నువ్వు బాత్రూంల ఏడుస్తుంటే విన్న. గందుకే ఆ రెండో రోజు సంది నువ్వు రాకముందే, నీళ్లల్ల పాచి పెంచే పెద్ద సీసలకెల్లి పచ్చనీళ్లు గిలాసెడు తీసి రోజూ పోస్తున్న."

అంటే కుంకుడు గూడ చంపింది. చేపలు చస్తయని మా ఊర్ల చెరువు దగ్గర కుంకుడుతోని తలకు పోసుకోనియ్యరు. చిన్నప్పటి సంది తెలిసిన ముచ్చటే. ఎట్ల నమ్మిన?

లచ్చక్క మీద కోపం రాలే. నాకోసం గంత ఫికర్ చేసినోళ్లు ఎవరున్నరు? సార్‌కు చెప్పాలని రెండుసార్లు ఫోన్ తీసిన, మళ్ల పక్కన పెట్టిన. నాలుగేండ్లాయె...

లచ్చక్క పొద్దుగాల ఏడింటికే వస్తది. రేపు పొయ్యకు అక్కా అని ఆమెకు చెప్పకుండనే ఇంటికొచ్చిన.