తలుపు దగ్గరగా వేసి చదవవలసిన ఉత్తరం

అమ్మకు,

నమస్కారాలు. నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నా, చెల్లీ, నీ కొత్త కళ్ళజోడూ కులాసా అని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న దర్జీ బాబాయికి కూడా నమస్కారం. బాబాయ్, కత్తెర పక్కన పెట్టి చదవండి. పోయినసారి గుడ్డ కత్తిరిస్తూ చదివి రెండు వాక్యాలు ఎగరగొట్టారని అమ్మ జవాబు చూస్తేనే తెలిసిపోయింది.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నిద్ర పడుతోందా అని అడిగావు. దాని సంగతి తర్వాత రాస్తాను. నువ్వు కాజాలు కుట్టి ఇస్తే గుండీలు కుట్టే అత్త, "కాలేజీలో చదివేసిందిగా, మళ్ళీ ఈ యూనివర్సిటీ ఏంటి? రెండుచోట్లా ఉండేది పుస్తకాలేగా?" అందని రాయించావు. నాకూ మొదట్లో తెలియలేదు. బస్సు దిగి, చాలాసేపు నడిచి, టీ కొట్టాయన్ని "యూనివర్సిటీ ఎక్కడండీ?" అని అడిగాను. "ఇందాకట్నుంచీ అందులోనే తిరుగుతున్నావు తల్లీ," అన్నాడు.

మన కాలేజీలో ఒక మూల తుమ్మితే ఇంకో మూల వినిపించేది. రోజూ పేరు పిలిచేవారు. ఒక్కరోజు మానేస్తే మర్నాడు మేడమ్ "ఏమ్మా, జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూసేవారు. నోట్సు చెప్పి రాయించేవారు. ఇక్కడ పేరు పిలవరు. నేను వచ్చానో రాలేదో నాకు తప్ప ఎవరికీ పట్టదు. సారు మాట్లాడుకుంటూ పోతారు, ఏది రాసుకోవాలో మనమే తేల్చుకోవాలి.

ఇంతవరకు రాసి, లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. కాలుగాలిన పిల్లి అని నువ్వు తిట్టేదానివి. ఇప్పుడు నా గదిలో ఉండే అమ్మాయీ అదే అంటోంది.

బాబాయ్, ఇక్కడ కాస్త ఆపి దుకాణం తలుపు దగ్గరగా వెయ్యండి. అత్తని కాసేపు బయట కూర్చోమనండి. ఏమీ అనుకోవద్దని చెప్పండి.

అమ్మా, క్లాసులు బాగా జరుగుతున్నాయని పోయిన ఉత్తరంలో రాశాను. జరుగుతున్నాయి, నేనే లోపల లేను. మొదటివారం ఒకరోజు ఆలస్యమైంది. తలుపు దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా సార్" అన్నాను. సారు బోర్డు వైపు తిరిగి ఉన్నారు, వినిపించలేదు. కాలేజీలో రమ్మనేదాకా గడప దాటేవాళ్ళం కాదు. క్లాసు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. మర్నాడు, ఆ నిలబడిన పిల్ల ఇదేనని చూస్తారేమోనని సిగ్గేసి మళ్ళీ బయటే ఉండిపోయాను. అదే అలవాటైంది. గోడకు ఆనుకుని వినిపించినంత రాసుకునేదాన్ని. చివరికి మన కాలేజీ మేడమ్‌కి, ల్యాబులో ఏదైనా పని ఉంటే వచ్చేస్తానని రాశాను. "ఉంది, సోమవారంలోగా తెలియజెయ్యి" అని జవాబిచ్చారు. నీకు చెప్పకుండా సంచీ సర్దేశాను. నువ్వు కనబడినవాళ్ళందరికీ నా గురించి చెప్పుకున్నావు. నేను దిగబడితే నీ ముఖం ఎలా అవుతుందోనని తలుచుకుంటూ నిద్రపోలేదు.

సంచీ చూసి గదిలో అమ్మాయి నిలదీసింది. చెప్పాను. పడీపడీ నవ్వింది. "లోపలికి దయచెయ్యండని ఎవరొచ్చి పిలుస్తారే నిన్ను? పెళ్ళికొచ్చావా?"

ఈరోజు వెళ్ళి తలుపు తోశాను. కిర్రుమంది. ఎవరూ తల తిప్పలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. సారు అత్తిపత్తి మొక్క గురించి చెబుతున్నారు. మన దొడ్డిగోడ పక్కన ఉంది చూడు, ముట్టుకుంటే ముడుచుకునేది, అదే. హాని చెయ్యకుండా మళ్ళీ మళ్ళీ కదిలిస్తుంటే కొంతసేపటికి ముడుచుకోవడం మానేస్తుందట. చివర్లో "ప్రశ్నలున్నాయా?" అన్నారు. కాలేజీలో ఆ మాటన్నారంటే ఇక ఇంటికే. పుస్తకం మూసి లేచి నిలబడ్డాను. తీరా చూస్తే ఇంకెవరూ లేవలేదమ్మా!

"చెప్పండి," అన్నారు సారు, నన్ను చూసి.

నోటికొచ్చింది అడిగేశాను. "భయం మానేసిన మొక్క విత్తనం వేస్తే, ఆ పిల్లమొక్క కూడా ముడుచుకోదా సార్? లేక మళ్ళీ మొదట్నుంచీ భయపడుతుందా?"

"నాకు తెలీదండీ," అన్నారు సారు. ఎవరో నవ్వారు, ఆయన నవ్వలేదు. "పెంచి చూడండి. కుండీలు నేనిస్తాను," అని నా ప్రశ్న బోర్డు మీద రాశారు. మన మేడమ్ అయితే ప్రేమగానే, "అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అనేవారు.

మొక్క పెరిగి, కాయ కాసి, ఆ విత్తనం మొలిచేదాకా నేను కదలడానికి లేదు. రానని మేడమ్‌కి రాసేశాను. సంచీ మాత్రం ఇంకా విప్పలేదు. ఈ రాత్రీ నిద్రపట్టేలా లేదు, కుండీలు ఏ కిటికీలో పెట్టాలా అని. నువ్వు పనికి వెళ్ళేటప్పుడు మన దొడ్డిగోడ పక్క మొక్కను ఒకసారి ముట్టుకుని, ఎలా ఉందో రాయించు.

బాబాయ్, ఇక తలుపు తెరవండి. అత్తని లోపలికి రమ్మనండి. పాపం, పిలిచేదాకా రాదు.

ఇట్లు,
నీ కాలుగాలిన పిల్లి,
పెద్దకూతురు