ఎనిమిదో జవాను కబురు

కీర్తిశేషులు మద్దిరాల శామ్యూలు గారి కుమారుడిని, సికింద్రాబాదు నేరేడ్‌మెట్ నివాసిని, అరవై ఏళ్ళవాడిని, సైన్యంలో కల్నల్‌గా పదవీ విరమణ చేసిన మద్దిరాల యేసురాజు అనే నేను, తెలివి నిలకడగా, చెయ్యి వణకకుండా ఉన్న స్థితిలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేతిరాతతో రాసుకున్న వీలునామా ఇది. పోయిన నెల డాక్టరు గారు నా గుండె గురించి నాలుగు మాటలు చెప్పిన మాట నిజమే. భయపడి మాత్రం రాయడం లేదు. ఎనిమిదేళ్ళు సైన్యం తరఫున అధికార ప్రతినిధిగా కెమెరాల ముందు కూర్చున్నవాణ్ణి. నా సంగతి ఇంకొకరు చెప్పేదాకా ఆగే అలవాటు లేదు.

1. నేరేడ్‌మెట్‌లోని ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం నా భార్య దేవకృప దాన్ని జీవితాంతం అనుభవించాలి. ఆమె తర్వాత మా ఏకైక కుమార్తె ఫెయిత్‌కు సర్వహక్కులతో చెందాలి. ఇది చట్టం కోసం రాసిన మాట. నా మాట వేరే ఉంది. మొదటిసారి టీవీలో ప్రకటన చదివి ఇంటికొచ్చి, ఎలా ఉందని దేవకృపను అడిగాను. ఆమె బందరు పిల్ల, బడిలో టీచరు. "పరీక్ష పేపరు చదివినట్టు చదివారండీ. ఎదురుగా మా అమ్మ కూర్చుందనుకుని చెప్పండి, ఆవిడకి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే," అంది. నాకు వచ్చిన పేరంతా ఆ ఒక్క సలహా మీద వచ్చిందే.

2. నా కారు ఫెయిత్‌కు. బేగంపేట ఆఫీసుకు మెట్రోలోనే వెళతానంటుంది కానీ తీసుకోవాలి. డ్రైవింగు నేర్పుతూ అరిచినందుకు ఇక్కడ రాతపూర్వకంగా క్షమాపణ చెబుతున్నాను. తప్పు క్లచ్చుది కాదు, నాది.

3. మా బావమరిది డేవిడ్ రాజు ప్రతి క్రిస్మస్ భోజనంలోనూ, పదిమందీ వింటుండగా, "మా బావకి తుపాకీ బరువైంది, అందుకే మైకిచ్చారు," అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇరవై తొమ్మిదో ఏట సరిహద్దులో నా ఎడమ భుజంలోంచి తీసిన ఇనప ముక్క నా బీరువాలో చిన్న సీసాలో ఉంది. అది అతనికి ఇస్తున్నాను. భోజనాల బల్ల మీద ఉప్పు సీసా పక్కన పెట్టుకోవచ్చు.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా ఆఫీసులో క్లర్కుగా పనిచేసిన హవల్దారు సత్యదేవ్‌కు అప్పగిస్తున్నాను. బంధువుల్లో ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉండగా అతనే ఎందుకంటారేమో, కారణం రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళ కిందటి ఆగస్టులో, వరదలో చిక్కిన జనాన్ని ఒడ్డుకు చేరుస్తున్న మా పడవ ఒకటి తిరగబడింది. అందులో ఎనిమిది మంది జవాన్లు. ఒంటిగంటకు నేను విలేకరుల ముందుకు వెళ్ళాలి. అందరూ దొరికారని మొదట ఫోను వచ్చింది. నేను కుర్చీలో కూర్చోబోతుండగా సత్యదేవ్ వచ్చి చెవిలో చెప్పాడు: "సార్, ఏడుగురే ఒడ్డుకొచ్చిన్రట. ఎనిమిదో మనిషి ఇంకా కన్ఫర్మ్ కాలే. జెర ఆగుండ్రి, పది నిమిషాలు."

నేను ఆగలేదు. మంచి కబురు ముందుగా నా నోటితో చెప్పాలన్న ఆత్రం. "ఎనిమిది మందీ క్షేమం," అని దేశమంతా వినేలా చెప్పాను.

మూడు గంటలకు తేలింది, ఎనిమిదో జవాను, నాయక్ హోదాలో ఉన్న ఫకీర్ జాడ లేదని. అతని ఇల్లు మెట్టుగూడలో. సమాచారంలో పొరపాటు జరిగిందని ఒక ప్రకటన పంపితే చాలునని నాకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నేను వినలేదు. సత్యదేవ్‌ను తీసుకుని ముందు మెట్టుగూడ వెళ్ళాను.

ఫకీర్ భార్య నూర్‌బీ మిఠాయి డబ్బా చేత్తో పట్టుకుని తలుపు తీసింది. తన భర్త ఆ పడవలో ఉన్నాడని ఆమెకు పొద్దున్నే తెలిసింది. "రాండ్రి సార్, నోరు తీపి చేసుకోండ్రి," అంది. నిలబడే చెప్పాను. ఆమె డబ్బా మూత పెట్టి, "టీవీల మీరు జెప్తేనే నమ్మిన సార్. గల్లీ మొత్తం మిఠాయి పంచిన. ఇప్పుడు ఇంటింటికి వోయి ఏమని జెప్పాలె?" అని అడిగింది.

"మీరు వెళ్ళొద్దమ్మా, నేను చెప్తాను," అన్నాను. ఆ గల్లీలో పదహారు ఇళ్ళు. యూనిఫాంలో ఒక్కొక్క తలుపూ తట్టి, "మధ్యాహ్నం నేను చెప్పింది తప్పు. ఫకీర్ ఇంకా దొరకలేదు. ఆ ఇంటికి తోడుగా ఉండండి," అని చెప్పాను. ఒక ముసలాయన నా మొహం మీదే తలుపేశాడు. ఆయన చేసింది సబబే. సత్యదేవ్ పదహారు ఇళ్ళకూ నా వెనకే నడిచాడు. 'నేను ఆగమన్నాను కదా సార్' అని ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, తర్వాతా.

అయిదింటికి మళ్ళీ కెమెరాల ముందు కూర్చున్నాను. "ఆగమని నా మనిషి చెప్పాడు, నేనే ఆగలేదు," అన్నాను. మూడో రోజు ఫకీర్ దేహం దొరికింది.

విచారణ జరిగింది, మందలింపు నా ఫైలుకెక్కింది, బ్రిగేడియర్ ర్యాంకు రాలేదు. దానికి నాకు చింత లేదు. మరో మూడేళ్ళు అదే కుర్చీలో కూర్చున్నాను. నేను చెప్పాక మళ్ళీ ఇంకొకరిని అడిగి రూఢి చేసుకోవడం విలేకరులు మానేశారు. నేను సంపాదించిన పతకాల్లో అంత విలువైనది లేదు.

5. నా పుస్తకాల బీరువా, పుస్తకాలతో సహా, ఫకీర్ కూతురు జన్నత్‌కు. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తీసుకెళ్ళిన పుస్తకం తిరిగి తెచ్చిచ్చే మనిషి మా ఇంటికి వచ్చేవాళ్ళలో ఆ పిల్ల ఒక్కతే.

6. నేను పోయిన కబురు డాక్టరు రూఢి చేశాకే బయటికి వెళ్ళాలి. ముందు దేవకృపకు, ఫెయిత్‌కు ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ తర్వాతే రిటైరైన ఆఫీసర్ల వాట్సాప్ గ్రూపుకు. ఆ గ్రూపులో ఇద్దరిని బతికుండగానే సాగనంపారు. చర్చిలో నా గురించి మూడు నిమిషాలకు మించి ఎవరూ మాట్లాడకూడదు. డేవిడ్ రాజుకు రెండు.

7. రోడ్డు వైపు షట్టరున్న మా ముందు గదిని నూర్‌బీకి రాయాలనుకున్నాను. ఆమె కుట్టుపని చేస్తుంది, దుకాణానికి పనికొస్తుందని. చాలా ఏళ్ళు ఆమె నాతో మాట్లాడలేదు. జన్నత్ పుస్తకాలకు రావడం మొదలుపెట్టాకే మా గుమ్మం తొక్కింది. ఈ మధ్య ఒకరోజు గది సంగతి చెప్పాను. సాక్షులింకా కుదరలేదనీ, సాక్షిగా సంతకం చేసేవారికి వీలునామాలో ఏమీ రాయకూడదని వకీలు చెప్పాడనీ మాటల్లో చెప్పాను.

"గది ఒద్దు సార్. నా పని మెట్టుగూడల మంచిగనే నడుస్తున్నది. ఆ సంతకం నేను జేస్త," అంది నూర్‌బీ. ఎందుకని దేవకృప అడిగింది. "సార్ సోయిల, తెలివిల ఉండి రాసిన్రు, నా ముంగటే రాసిన్రు అని ఒకరు జెప్పాలె గదమ్మా. నేను జెప్తే గల్లీల అందరు నమ్ముతరు."

కాబట్టి ఆ గదిని విడిగా ఎవరికీ రాయలేదు. ఇంటితోపాటే పోతుంది.

నా జీవితకాలంలో దీన్ని మార్చుకునే హక్కు నాదే. మార్చే ఉద్దేశం లేదు.

సికింద్రాబాదు, 2025 నవంబరు 14.

(సంతకం) మద్దిరాల యేసురాజు

యేసురాజు గారు మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుట మేము సంతకాలు చేశాము:

1. నూర్‌బీ, నాయక్ ఫకీర్ భార్య, మెట్టుగూడ
2. స్వర్ణలత, పొరుగింటివారు, నేరేడ్‌మెట్