ఎర్రంచు రుమాలు

అంబిక వాళ్ళ నాయనకు,

నేత్రావతి నమస్కారాలు. ఇక్కడ ఈ దేశం కాని దేశంలో నేను, మన ప్లాంటు కోదండరామి, మొన్న వచ్చిన భీమేష్, ముగ్గురం చలికి వణుకుతూనే బాగున్నాం. అక్కడ నువ్వు, అత్త, అంబిక బాగున్నారనీ, నేను లేని ఇల్లు మరీ సంతలాగా తయారు కాలేదనీ నమ్ముతున్నాను. జాబు కదా అని మొదట "మీరు" అని రాసి చూశాను. నాకే నవ్వొచ్చింది. ఇంట్లో ఎట్లా పిలుస్తానో అట్లాగే రాస్తున్నాను, ఏమనుకోకు.

ఫోనుండగా జాబెందుకు అంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ, తిన్యావా" అనేలోపే అత్త లాక్కుంటుంది, అత్త చేతిలోంచి అంబిక లాక్కుంటుంది. చివరికి నీ మొహం నాకు చెవి వరకే కనిపిస్తుంది. ఇది నీ ఒక్కడికే చెప్పవలసిన సంగతి. నువ్వు భీమేష్ చేతికిచ్చిన జాబు అందింది. శుక్రవారం కోదండరామి తోరణగల్లుకు తిరిగి వస్తున్నాడు. ఇది అతని చేతికే ఇస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం దొరుకుతుంది, మనమే వండుకోవాలి. అత్త వేరుశనగలు దంచి కట్టిచ్చిన శేంగా పొడి ఇంకా ఉంది. క్రేన్ సంగతి అడిగావు. మన ఉక్కు ప్లాంటులో నేను పైకెక్కి, ఆ సెగలో కూర్చుని నడిపే క్రేన్ కాదిది. చల్లటి గదిలో కుర్చీ వేసుకుని, తెరలు చూస్తూ నడపాలి. ఇలాంటిదే మన ప్లాంటుకూ వస్తుందని కదా మమ్మల్ని నేర్చుకోమని పంపింది. మొదట్లో చెయ్యి తడబడింది, ఇప్పుడు కుదిరింది. "మొగోళ్ళే నేర్పిస్తాండారా?" అని ఊరికే అడిగినట్టు అడిగావు చూడు, నాకు తెలుసులే. నాకు నేర్పేది డార్లా అనే ఆడమనిషి. నాకంటే పెద్దది, గొంతు మీ అమ్మ గొంతే. నిశ్చింతగా నిద్రపో.

ఇంక రెండు మిగిలాయి. బయల్దేరేటప్పుడు నువ్వు నా పెట్టెలో పెట్టిన నీ కుస్తీ రుమాలు, ఆ ఎర్రంచు తలగుడ్డ, భద్రంగా ఉందా, చెమ్మ తగలనీయకు అని రెండుసార్లు రాశావు. సోమప్ప మళ్ళీ వచ్చి, కంప్లి గరిడిలో పిల్లలకు కుస్తీ నేర్పమని అడిగితే రానని పంపేశాననీ రాశావు. "ఓడిపోయినోని తావ ఏం నేర్సుకుంటారే" అని కింద గీత కూడా గీశావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే. ముందు ఆట సంగతి విను.

డార్లా కొడుకు కోల్బీ ఇక్కడి కాలేజీ టీములో ఫుట్‌బాల్ ఆడతాడు. పోయిన శనివారం మమ్మల్ని ఆ ఆటకు పిలిచింది. నేను ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకుని పోయాను. ఇది అది కాదు. బంతి పీచు తీయని టెంకాయలా ఉంటుంది, చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. పదిమంది మీదపడి పడేస్తారు. పడేయగానే ఈల వేసి ఆపేస్తారు. ఒక్కోసారి ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకుని లోపలికొచ్చి నేల కొలుస్తారు. మన కాలువ కింద మళ్ళు కొలిచేవాళ్ళు గుర్తొచ్చి నేను నవ్వాను. కోదండరామి మాత్రం "గెట్టు తగాదా ఏమో అక్కా" అన్నాడు గంభీరంగా.

ఆటకంటే ముందు బయట జరిగేది నీకు నచ్చుతుంది. జనం పొద్దున్నే వచ్చి, కార్ల వెనకాల పొయ్యిలు పెట్టుకుని మాంసం కాలుస్తారు. ఎవరు పోయినా రా తిను అంటారు. మన జాతరలో ట్రాక్టర్ల పక్కన రాళ్ళు పేర్చి వండుకోమా, అదే. మనం ఉత్త చేతులతో పోతామా? నేను కడక్ రొట్టెలు, శేంగా పొడి పట్టుకుపోయాను. డార్లా వాళ్ళు జొన్న రొట్టెను పటపట విరిచి, దాని మీద ఏదో పచ్చటి జున్ను పోసుకుని తిన్నారు. అత్తకు ఈ మాట చెప్పకు, బాధపడుతుంది.

కోల్బీ మన గుమ్మంలో పట్టడు. అంత మనిషి. కానీ బంతి వాడి చేతికి ఒక్కసారీ రాదు. బంతి విసిరేవాడి ముందు అడ్డంగా నిలబడి, ఎదుటివాళ్ళను రానీయకుండా ఆపడమే వాడి పని. ఆట మొత్తంలో నాకు అర్థమైంది ఆ ఒక్క పనే. వాడికెదురుగా వాడికంటే లావుపాటివాడు వచ్చి పడ్డప్పుడల్లా నేను లేచి నిలబడి "నడుము పట్టప్పా, నడుము పట్టు" అని మన కంప్లిలో అరిచినట్టే అరిచాను. డార్లా అడిగితే సైగ చేసి చూపించాను. పడీ పడీ నవ్వింది. పట్టుకుంటే తప్పట. తొయ్యొచ్చట, పట్టుకోకూడదట. పట్టుకోకుండా అదేం కుస్తీనో, నువ్వే చెప్పాలి.

ఆట చివరికొచ్చింది. వీళ్ళే కొంచెం ముందున్నారు. ఇంకొంచెం సేపు ఆపితే చాలు. అప్పుడు ఆ లావుపాటివాడు కోల్బీని పక్కకు తోసేసి, బంతి విసిరేవాడి మీద పడ్డాడు. బంతి జారింది, వాళ్ళలో ఒకడు ఎత్తుకుని పరిగెత్తాడు. ఆట వాళ్ళదైపోయింది. మా వెనకాల అంతా తలలు పట్టుకుని కోల్బీనే తప్పుపడుతున్నారు. కోల్బీ కింద నుంచి లేవలేదు. రెండు టీములవాళ్ళూ ఉన్నచోటే ఒక మోకాలి మీద కూర్చున్నారు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఇక్కడ అదే మర్యాదట. అంత జనంలో దగ్గు కూడా లేదు. డార్లా నా చెయ్యి పట్టుకుంది.

వాడు లేచాడు. ఎవరినీ పట్టుకోనీయకుండా నిలబడ్డాడు. కుంటుకుంటూ నేరుగా ఆ లావుపాటివాడి దగ్గరికే పోయి, వాడి మెడ మీద చెయ్యేసి ఏదో చెప్పి నవ్వాడు.

నా ప్రాణం ఎక్కడికి పోయిందో నీకు చెప్పాలా? మన పెళ్ళయిన ఏడు, కంప్లి జాతరలో, నేను ట్రాక్టరు ట్రాలీ మీద ఆడవాళ్ళతో కూర్చుని ఉన్నాను. ఆ దావణగెరె పైల్వాన్ నిన్ను ఎత్తి పడేస్తే మోకాలు మెలి తిరిగింది. నువ్వు లేచి, కుంటుకుంటూ పోయి, గుప్పెడు మన్ను తీసి మెప్పుగా వాని వీపుకు రాసి నవ్వినావు. అందరూ గెలిచినవానికి కడియం తొడుగుతుంటే, సోమప్ప వాళ్ళ నాయన శివన్న తాత తన తల మీది రుమాలు విప్పి, "గెల్చినోనికి కడియముండాది. లేచి నిలబడినాడు సూడు, ఈ పిల్లోనికి నేను కడతా" అని నీకు కట్టాడు. ఆ తర్వాత నువ్వు గరిడి గడప తొక్కలేదు. రుమాలేమో పెట్టెలో పెట్టావు. నాయన గెలిచిన రుమాలని అంబిక బడిలో చెప్పుకుంటుంది. నువ్వు కాదనలేదు, నేనూ కాదనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రుమాలు ఆ రోజు పెట్టెలో లేదు. చలికి తట్టుకోలేక చెవులకు చుట్టుకుని పోయాను. కోల్బీ నవ్వడం చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. మన దగ్గర మనసైనవాళ్ళు ఎవరైనా లోపలికి పోయి పైల్వాన్‌కు రుమాలు కట్టొచ్చు కదా, ఇక్కడా అంతే అనుకున్నాను. అసలు అనుకోవడానికి కూడా ఆగలేదు. మెట్లు దిగాను.

"అక్కా, యాడికి పోతాండావు? ఈడ లోపలికి పోగూడదంట," అని కోదండరామి వెనకనుంచి పిలిచాడు.

"వస్తాలే, ఉండు," అని కమ్మీ కింద నుంచి దూరాను.

పసుపు కోటు కాపలా మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చి నా ముందు చేతులు చాపాడు. పై నుంచి డార్లా వేసిన కేకకు వాడే పక్కకు తప్పుకున్నాడు. చెప్పాను కదా, మీ అమ్మ గొంతని. నేను రుమాలు విప్పి చూపించి, వంగమని సైగ చేశాను. కోల్బీకి ఏమీ అర్థం కాలేదు, అయినా వంగాడు. చెమటతో తడిసిన తల. దసరాకు నువ్వు తలపాగా చుట్టుకునేది చూసి చూసి ఉన్నాను కాబట్టి ఎట్లాగో కట్టాను, కాస్త వంకరగా. ఇందాక తలలు పట్టుకున్నవాళ్ళే లేచి చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకూ తెలియదు.

ఇంతవరకూ అయితే, ఏదో ఆవేశంలో చేశానని నీ కాళ్ళు పట్టుకుని తప్పించుకునేదాన్ని. ఇంకా ఉంది.

ఆదివారం తల్లీకొడుకులు నా గదికి వచ్చారు. రుమాలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చారు. ఇది మీ ఇంటి వస్తువు, తీసుకో అంది డార్లా. నా చేతిలో పెట్టింది. నిజం చెప్తున్నా, దాన్ని పెట్టెలో పెట్టేసుకుని ఉంటే ఈ జాబే లేదు. నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఉతికినా నీ వాసన పోలేదేమో అని మూతి దగ్గర పెట్టుకుని కూడా చూశాను. సబ్బు వాసనే వచ్చింది.

ఇది నీకు కుస్తీలో ఇచ్చినదని చెప్తే కోల్బీ అడిగాడు, మీ ఆయన ఎంతమందిని గెలిస్తే ఇచ్చారు ఇది అని. నేను గెలవలేదు కదా, నాకెట్లా చెల్లుతుంది అన్నాడు.

ఎవరికీ చెప్పనిది వాడికి చెప్పాను. నువ్వు ఆ రోజు ఓడిపోయావనీ, ఓడినందుకు కాదు, లేచినందుకు ఒక ముసలాయన తన తల మీదిది తీసి కట్టాడనీ, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. డార్లా మొహం పక్కకు తిప్పుకుంది. కోల్బీ తనంతట తనే వచ్చి నా ముందు తల వంచాడు. ఈసారి వంకర లేకుండా కట్టాను.

అదీ సంగతి. ఒకసారి ఆవేశంలో ఇచ్చాను, రెండోసారి తెలిసే ఇచ్చాను. నీ వస్తువు నిన్ను అడగకుండా ఇవ్వడం తప్పే. కోప్పడు. నేను వచ్చాక రెండు రోజులు మాట్లాడకు, పడతాను. మూడో రోజు మాత్రం మాట్లాడకుండా ఉండడం నీతో కాదు.

సోమప్పకు ఏం చెప్పాలో అడగలేదు గానీ, చెప్తున్నా. వాళ్ళ నాయన రుమాలు నీకు కట్టింది పెట్టెలో పెట్టుకోమని కాదు. ఇంక పెట్టెలో రుమాలు లేదు, దాన్ని చూసుకుని ఓడిపోయానని కూర్చునే సాకూ నీకు లేదు. పడేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారప్పా, లేవడం నేర్పేవాడే కావాలి. గరిడికి పో.

జాబుతోపాటు ఒక ఫోటో పెట్టాను. ఎర్రంచు రుమాలు కట్టుకుని ఆ పిల్లోడు నవ్వుతున్నాడు చూడు. అంబికకు చూపించు. ఈయన గెల్చినాడా నాయనా అని అడుగుతుంది. ఆ జవాబు మాత్రం నువ్వే చెప్పాలి.

ఇట్లు,
చెవులకు ఏమీ లేక చలికి ఓర్చుకుంటున్న
నీ ఇంటిది,
అంబిక అమ్మ నేత్రావతి