తెగని ఆరో ముక్క

అత్తకి,

నీ మేనకోడలు వంగి వంగి నమస్కారాలు పెడుతోందంటే నీతో పనిపడిందని నీకు తెలిసే ఉంటుంది. మా ల్యాబులో అల్లిక మెషిను మూలపడింది. గాజుపోగు ఉండలు పంపుతున్నాను. ఒకే అల్లికతో, జానెడేసి ముక్కలు ఆరు అల్లి పెట్టు. వాటిని జిగురులో ముంచి, పలకల్లా గట్టిపడ్డాక మెషినుకు బిగించి తెగేదాకా లాగుతాను. ఏది ఎంత బలానికి తెగిందో నెలాఖరుకి చూపించకపోతే మా గైడు నన్ను పరిశోధనలోంచి పీకేస్తాడు.

నీ మేనకోడలు

తా.క. గ్లౌజులు మరిచిపోకు. గాజు గుచ్చుకుంటుంది.

*

అమ్మాయికి అత్త ఆశీస్సులు.

నేను అల్లడమేమిటి, నువ్వు తెంపడమేమిటే? చిన్నప్పుడు నేనల్లిన టోపీ కుక్కకి తొడిగావు, సరే అనుకున్నాను. ఇప్పుడు చదువుకుని మరీ తెంపుతావా! గ్లౌజులతో అల్లడమంటే దుప్పటి ముసుగేసుకుని సూదిలో దారం ఎక్కించడమే. అయినా ఆరూ పంపాను.

ఉంటాను,
అత్త

తా.క. మీ మామయ్య ఒక ముక్కతో వీపు గోక్కున్నాడు. రెండు రోజులైంది, ఇంకా గోక్కుంటూనే ఉన్నాడు.

*

అత్తా,

కొంప ముంచావు! ఐదు ముక్కలూ బుద్ధిగా ఇంచుమించు ఒకే బలానికి తెగాయి. ఆరోది రెట్టింపు బలానికీ తెగలేదు. మెషిను పట్టులోంచే జారిపోయింది. "అన్నీ ఒకే అల్లికన్నావు. అంకెలు వండి వారుస్తున్నావా?" అని గైడు అందరి ముందూ అడిగాడు. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఇక ఇంటికే. అందులో ఏం చేశావో నిజం చెప్పు.

నీ నిర్భాగ్యురాలు

తా.క. ఆయన భూతద్దం పెట్టి నీ కుట్లు లెక్కపెడుతున్నాడు. "ముత్యాల్లా ఉన్నాయి" అని గొణిగాడు. నన్ను ఏనాడూ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు.

*

అమ్మాయ్,

చేశాను. ఆరూ తెంపుతానంటే ప్రాణం ఒప్పలేదు. ఒక్కటైనా బతకాలని, ఆరోదాని వెనకవైపు కనపడకుండా రెండేసి కుట్లకో తిన్నని పోగు నిలువునా దూర్చాను. అల్లికలో దారం మెలికలు తిరిగి ఉంటుంది కదా, లాగితే సాగుతుంది. తిన్నని పోగుకి సాగే పని లేదు, బరువంతా అదే మోస్తుంది. మీ మామయ్య స్వెట్టర్ భుజాలు జారకుండా ముప్పై ఏళ్లుగా నేను చేసేదిదే. ఈ మాత్రం మీ గైడుకి తెలీదా?

తప్పంతా నాదే,
అత్త

తా.క. ఈ ఉత్తరం ఆయనకి చూపించకు. అంత చదివినాయన, నొచ్చుకుంటాడు.

*

అత్తా,

చూపించాను. మూడుసార్లు చదివాడు, మూడోసారి నిలబడి. తర్వాత నా ఆరు నెలల రాతల కట్ట పక్కకి తోసి, "ఇందులో లేని విషయం ఈ ఉత్తరంలో ఉంది. ముక్క తెగకపోవడమే ఇక నీ పరిశోధన" అన్నాడు. బతికిపోయానని గంతులేశాను. అంతలో ఒక కాగితం చేతికిచ్చాడు. ఇకమీదట నాకు ఇద్దరు గైడులట. రెండో పేరు నీదే. కాబట్టి ఈ వాక్యం నుంచి మిమ్మల్ని "మీరు" అంటున్నాను.

మీ విధేయురాలైన విద్యార్థిని

తా.క. ఆ ఆరో ముక్కని తెంపాలంటే ఇప్పుడు ఇద్దరు గైడుల సంతకాలూ కావాలి. ఒకటి వచ్చింది. కాళ్లు పట్టుకోమంటారా?