ఆరేళ్ల నాటి పేగుముక్క

నాన్నా, పాలు కాచి పెట్టాను. గ్లాసు సగమే నింపుకో, చెయ్యి వణికితే ఒలుకుతాయి.

ఆరేళ్ల కిందట ఆపరేషన్‌లో నీకు తీసిన పేగుముక్క మా ల్యాబులో మైనపుదిమ్మలో భద్రంగా ఉంది. డాక్టరుగారు అడిగారు, ఇవాళ నేనే పల్చగా కోస్తాను. రంగు వేశాక దాని నరాల్లో గోధుమరంగు మచ్చలు కనిపిస్తే, నీది పార్కిన్సన్స్ అన్న ఆయన అనుమానం బలపడుతుంది.

తెల్లవారుజామున కలొచ్చింది. ఆ ముక్క గోరువెచ్చని నీళ్ల మీద మీగడ తరకలా తేలుతోంది, దాని మీద నువ్వు పడుకుని హాయిగా ఈల వేస్తున్నావు.

కడుపు కదలట్లేదని నువ్వు అప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నావు. అదీ ఈ జబ్బుకి తొలి గుర్తు కావచ్చట. నేనే, అరటిపండు తినమని నవ్వేశాను.

జవాబు దీని కిందే రాయి. ఈమధ్య నీ రాత చీమల బారైపోయింది. ఒక్క మాటైనా సరే, పెద్దగా రాయి నాన్నా.