బల్ల చరిచేవాళ్ళు

మార్చి 5, పొద్దున ఆరు

గెలిచింది. మా క్రిస్టినా గెలిచింది. ఎమ్మెల్సీ అయింది. అదీ ఇండిపెండెంట్‌గా. దేవునికి స్తోత్రం, స్తోత్రం. గబగబా రాస్తున్నాను, రేపు నాకే అర్థమవదు.

అల్లుడు వినయ్ కుమార్ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. మొదటి ప్రాధాన్యం ఓట్లలో ఏ పార్టీకీ సగం దాటలేదంట. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపేసరికి మనమ్మాయి పైకొచ్చిందంట. అంటే ఏంటయ్యా అన్నాను. అంటే చాలామందికి ఆవిడ రెండో ఇష్టం మావయ్యా అన్నాడు. పోనీలే. నాకు ఒకటో ఇష్టమే, కాకపోతే నాకు ఓటు లేదు. పట్టభద్రుల సీటు కదా, డిగ్రీ ఉండాలి. నాది ఐదో తరగతి.

సుగుణమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. ఎందుకే అంటే ఉల్లిపాయలు అంది. ఇంకా పొయ్యే వెలిగించలేదు.

మార్చి 9

తెనాలి చర్చిలో కృతజ్ఞత కూటం. డోలక్ నేనే వాయించాను. జ్ఞానానందం, కొంచెం నెమ్మదిగా, పాట వినపడట్లేదు అన్నారు అయ్యగారు. నావల్ల కాలేదు.

క్రిస్టినా ప్రచారంలో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. నా భుజం మీద ఏ పార్టీ కండువా ఉండదు, బాపట్ల కాలేజీకి వేసుకెళ్ళే ఈ బ్యాగే ఉంటుంది అని. జనం చప్పట్లు. ఆ బ్యాగుకి జిప్పు పోయింది, పిన్నీసు పెట్టింది. కొత్తది కొనుక్కోమ్మా, ఎమ్మెల్సీవి అన్నాను. దీన్ని చూసే కదా నాన్నా ఓట్లేశారు అంది.

ఏప్రిల్ 21

ఇవాళ కూడా శాలువా. నాకే. ఎమ్మెల్సీ గారి నాన్న అని. బీరువా తలుపు పడట్లేదు. చలికాలం రానివ్వండి, వీధంతా పంచేస్తానంది సుగుణమ్మ.

సెప్టెంబరు 18

టీవీలో మండలి. క్రిస్టినా మాట్లాడింది! కాంట్రాక్ట్ లెక్చరర్ల గురించి. పొరుగింటి సరోజని, ఇస్త్రీ బండి అతన్ని, అందర్నీ పిలిచి కూర్చోబెట్టాను. ఎంత చక్కగా మాట్లాడిందో. నీళ్ళు కూడా తాగలేదు.

ఒక్కటే బాలేదు. ఆ ముందు ఒకాయన లేచి రెండు ముక్కలు మాట్లాడితే వాళ్ళ పార్టీవాళ్ళంతా బల్లలు చరిచారు. దడదడమని. తర్వాత అవతలి పార్టీ ఆయనకి అటువాళ్ళు. మా అమ్మాయి కూర్చున్నప్పుడు ఎవరూ చరవలేదు. ఫ్యాను చప్పుడు వినపడింది. అదేంటి బాబాయ్, టీవీ సౌండ్ పోయిందా అంది సరోజ. పోయిందన్నాను.

సెప్టెంబరు 19

నిద్ర పట్టలేదు. ఫ్యాను చప్పుడే.

నవంబరు 7

రేపల్లెలో సన్మానం అంటే రైలెక్కి వెళ్ళాను. పిలిచింది జనార్దనరావు. అధికార పార్టీలో ఇప్పుడు ఆయన మాటే చెల్లుతుంది. నేను బస్తాలు మోసిన రైస్ మిల్లు వాళ్ళదే. అప్పుడు ఒరేయ్ జ్ఞానం. ఇవాళ రండి బాబాయ్ గారూ, ఇలా ముందు కూర్చోండి. పూరీ, ఉప్మా, స్వీటు. స్వీటు రెండోసారి కూడా వేశారు.

పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, అమ్మాయి మాట్లాడుతుంటే చూశానండి, పాపం ఒంటరిగా, మా వైపు ఉంటే హాలు హాలంతా బల్లలు చరిచేది కదా అని. నా గుండెలో ఉన్నది ఈయనకెలా తెలిసిందా అనుకున్నాను. తర్వాత స్టేజీ మీద నా మెడలో వేశారు. శాలువా కాదు, కండువా. రంగు తెలుస్తూనే ఉంది. తెలీక వేయించుకున్నానని ఇక్కడ రాస్తే అబద్ధం. మైకులో నా పేరు చెబుతున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. తియ్యలేదు. నవ్వాను కూడా.

నవంబరు 8

టీవీలో కింద అక్షరాలు. ఇండిపెండెంట్ ఎమ్మెల్సీ తండ్రి పార్టీలో చేరిక, త్వరలో కుమార్తె కూడా. నా నవ్వు ఫోటో తెనాలి అంతా తిరుగుతోంది.

క్రిస్టినా ఫోన్ చేసింది. తిన్నావా నాన్నా అంది. తిన్నానన్నాను. బీపీ మాత్ర వేసుకో అంది. పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

సుగుణమ్మ తిట్టింది. అది చాల్లేదు.

నవంబరు 12

బాపట్లలో లెక్చరర్లు మీటింగు పెట్టి క్రిస్టినాని రమ్మన్నారు. సమాధానం చెప్పాలంట. వాళ్ళే ఇల్లిల్లూ తిరిగి గెలిపించారు, వాళ్ళు వదిలేస్తే అమ్మాయి వెనక ఇంకెవరూ లేరు. నేనూ వస్తానన్నాను. క్రిస్టినా, అల్లుడు, నేను కార్లో బయల్దేరాం. పొన్నూరు దాటాక అల్లుడు ఆపి సోడా తాగించాడు.

హాల్లో ఉమాశంకర్ అనే లెక్చరర్ లేచాడు. నాన్నగారు ముందు బస్సులో వెళ్ళిపోయారు, మేడం గారు వెనక బస్సులో వస్తున్నారా, మాకూ సీట్లాపమంటారా అన్నాడు. అందరూ నవ్వారు. క్రిస్టినా నవ్వలేదు. మా నాన్నకి ఈ ఎన్నికలో ఓటు లేదు, ఆయన భుజం ఆయనిష్టం, నా భుజం మీకిచ్చిన మాట, మా ఇంట్లో ఇద్దరం ఇండిపెండెంట్లమే అంది.

కూర్చోలేకపోయాను. లేచి నిజం చెప్పేశాను. అమ్మాయి మాట్లాడితే ఎవరూ బల్ల చరవట్లేదు బాబూ, వాళ్ళు చరుస్తామన్నట్టు మాట్లాడారు, అందుకని మెడ వంచాను, ఆవిడ వంచలేదు అన్నాను.

ఉమాశంకర్ తల గోక్కున్నాడు. సాయి సుధ అనే అమ్మాయి మాత్రం, ఆ మాట మాతో చెప్పాల్సింది బాబాయ్ గారూ, కాలేజీలో బల్లలన్నీ విరిగిపోయున్నాయనుకోండి, అయినా చరిచేవాళ్ళం అంది. మళ్ళీ నవ్వులు. ఈసారి క్రిస్టినా కూడా. వచ్చే సభలో మా సంగతి మీద సవరణ పెట్టండి మేడం, అప్పుడు చూస్తాం అన్నాడు ఉమాశంకర్.

నవంబరు 14

కండువా ఏదే అని సుగుణమ్మని అడిగాను. అన్నం గిన్నె దేంతో దించుతున్నానో కనపడట్లేదా అంది.

డిసెంబరు 16

వెలగపూడి వెళ్ళాను. పైన గ్యాలరీలో కూర్చున్నాను. చప్పట్లు కొట్టకూడదు, చప్పుడు చెయ్యకూడదు, బయటికి పంపేస్తాం అని గార్డు ముందే చెప్పాడు. నా ముఖం చూసి ఇంకోసారి చెప్పాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

బిల్లులో కాంట్రాక్ట్ లెక్చరర్ల సంగతి కూడా చేర్చాలని క్రిస్టినా సవరణ పెట్టింది. మీరు మా వైపు వస్తే ఇది మేమే తెస్తాం కదా అన్నారంట నిన్న అధికార పార్టీవాళ్ళు. తెచ్చేదైతే నేను రాకపోయినా తేవచ్చు అందంట. ఇవాళ అవతలి పార్టీవాళ్ళు ఏదో గొడవపడి అంతకుముందే బయటికెళ్ళిపోయారు. అనుకూలమైనవారు అవును అనండి అన్నారు ఛైర్మన్ కుర్చీలో ఉన్న ఆయన. అవును అంది నా బిడ్డ. ఒక్కతే. కాదనేవారు అంటే హాలంతా ఒకటే గోల. సవరణ పోయింది. బల్ల ఎవరూ చరవలేదు.

మంగళగిరిలో టీ తాగుతుంటే, ఎలా ఉంది నాన్నా అంది. కాదన్నదెవరో ఒక్కడి గొంతూ తెలీలేదమ్మా, అవునన్నదెవరో గోడలకి కూడా తెలిసింది అన్నాను. ఊరికే అనలేదు. ఆ గొంతు విని ఎంత సంతోషపడ్డానో, మార్చిలో కూడా అంత పడలేదు.

ఫోన్ మోగింది. ఉమాశంకర్. అవతల ఒకటే దడదడ. ఏమైంది సార్ అంది క్రిస్టినా. స్టాఫ్ రూములో ఉన్నాం మేడం, వినపడుతోందా అన్నాడంట. ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

డిసెంబరు 20

క్రిస్టినా భోజనానికొచ్చింది. గోంగూర బాగుందమ్మా అంది. సుగుణమ్మ టేబుల్ చరిచింది. నేనూ, అల్లుడూ. మజ్జిగ మొత్తం ఒలికిపోయింది.