అడగని గుమ్మం

మండపేట,
ఫిబ్రవరి 9, మంగళవారం.

ప్రియమైన మేనకోడలు నిర్మలకు,

నీ మేనత్త సుందరమ్మ ప్రభువు నామంలో ఆశీర్వదించి, అందులో సగం ఆశీర్వాదం మాత్రం కోపం తగ్గాక ఇద్దామని అట్టేపెట్టుకుని రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమనే నమ్ముతున్నాను. నమ్మడమే గాని, నీ గొంతు విని పది రోజులైంది. ఎప్పుడు ఫోను చేసినా మీ ఆయన రవికుమారే ఎత్తుతున్నాడు. మేడమ్ గారు ప్రచారంలో ఉన్నారండీ అత్తయ్యగారూ, అంటాడు. కట్టుకున్న పెళ్లాన్ని మేడమ్ గారు అనే మొగుణ్ణి నా డెబ్బై ఏళ్లలో ఇప్పుడే చూస్తున్నాను. అందుకని ఫోను మానేసి ఉత్తరం రాస్తున్నాను. ఇది మన ఊరి ఆటో గంగరాజు నీ చేతికే ఇస్తాడు. ఇంకెవరికీ ఇవ్వనని ఒట్టు వేయించుకున్నాను.

కంటి ఆపరేషను బాగా జరిగింది. నల్ల కళ్లజోడు పెట్టుకుని మా హేమ వాళ్ల మేడ మీద కూర్చుంటున్నాను. ఈ ఊళ్లో రైసు మిల్లుల పుణ్యమా అని ఆరేసిన చీర మడతపెట్టేలోపే దాని మీద ఊక దుమ్ము పడుతుంది. మీ మామయ్యకి కూతురి వంట బాగా పడింది, ఊరి మాట ఎత్తడం లేదు. డాక్టరు చదవొద్దన్నాడు గాని రాయొద్దనలేదు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లా పెద్దపెద్దగా పడుతున్నాయి. ముప్పై నాలుగేళ్లు పంతులమ్మగా అందరి రాతలూ దిద్దినదాన్ని, ఇవాళ నా రాతని నువ్వే సర్దుకుని చదువుకో.

నువ్వు సర్పంచికి నామినేషను వేశావని తెలిసిన రోజు నేను ఏడ్చాను. సంతోషంతోనే. నా తమ్ముడు సాలమోను కూతురు, నేను పలక పట్టించిన పిల్ల, మన ఊరికి సర్పంచి కాబోతోందని ఇక్కడ పాలు పోసే ఆవిడకి కూడా చెప్పాను. కాబట్టి నువ్వు గెలవాలి. నా మాటలు కటువుగా ఉంటే ఈ ఒక్క సంగతీ గుర్తు పెట్టుకుని చదువు.

పోయిన వారం రవికుమార్ నాకు ఫోనులో లెక్కలు చెప్పాడు. కాలవకి ఇవతల మన పేట, అవతల రైతుల వీధి. మన పేట ఓట్లు మనవేనండీ అత్తయ్యగారూ, ఎక్కడికి పోతాయండీ, అవి ఇంట్లో ఉన్నట్టే. అవతల ఓ నూట యాభై లాక్కొచ్చేమంటే మన మీద నిలబడ్డ అమ్మాజీ గారికి డిపాజిట్టు కూడా రాదండీ, అన్నాడు. అందుకే పొద్దుటినించి సాయంత్రం దాకా నిన్ను అవతలే తిప్పుతున్నాడట. మన సంఘ పెద్ద ప్రకాశరావు గారిది ఇంకో లెక్క. ఆయన ఫోను చేసి, కాలవ దాటొద్దని మీరైనా చెప్పండి టీచరు గారూ, సాలమోను గారిని ముంచింది ఆ వీధే కదండీ, నమ్మించి అప్పటి సర్పంచి ఎన్నికల్లో నాలుగు ఓట్లతో ఓడించేరు, మనవాళ్లని గట్టిగా పట్టుకుంటే చాలండీ, అన్నారు. ఒకరు అవతలికి లాగుతున్నారు, ఒకరు వెనక్కి లాగుతున్నారు. నా మేనకోడలు ఆ రెండింటి మధ్యా ఎండకి నల్లబడిపోయిందని గంగరాజు చెప్పాడు.

ఆ గంగరాజే ఈ పొద్దున ఆటోలో బియ్యానికి మిల్లుకి వచ్చి, నన్ను చూసిపోదామని మేడెక్కాడు. ఊళ్లో గాలి ఎలా ఉందిరా అని అడిగితే, ఆయ్, బానే ఉందండి, అని తల గోక్కున్నాడు. వాడు తల గోక్కున్నాడంటే బాగాలేదని అర్థం. కాఫీ ఇచ్చి కూర్చోబెడితే అసలు సంగతి చెప్పాడు. సమాధుల తోటకి దారి వేయిస్తానని నువ్వు మొదటి రోజు మన పేటలో చెప్పావట. అవతల రైతుల వీధిలో భవానీదేవిగారి అరుగు మీద కూర్చున్నప్పుడు మాత్రం దారి మాట మింగేసి, చేల డ్రైను పూడిక తీయించడమే మొదటి పని అన్నావట. దారి వాళ్ల తోటల అంచున పోవాలి గనక అవతల ఎత్తొద్దని రవి చెప్పాడట.

పిచ్చిదానా, ఆ సమయంలో ఆవిడ పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నది ఎవరు? మన వీరలక్ష్మి మొగుడు, వాడి అన్న. అవతలి పెరళ్లలో ఒలుపుకి వెళ్లేదంతా మన పేటవాళ్లే. అక్కడ అరుగు మీద అన్న మాట సాయంత్రానికి ఇక్కడ పొయ్యి దగ్గర ఉంటుంది. రెండు చోట్ల రెండు మాటలు చెప్పి దాచుకోవడానికి ఇదేమైనా హైదరాబాదా?

ఇంకో మాట కూడా చెప్పాడు. పేటలో ఒక్క గుమ్మం ముందైనా నువ్వు దిగలేదట. మైకు ఆటోలో నిలబడి దండం పెట్టుకుంటూ వెళ్లిపోతున్నావట. మనం ఎక్కడికి పోతాంలే అనుకుంటోందండీ నిర్మలమ్మ గారు, అని వీరలక్ష్మి అందట. అవతల మాత్రం పసిపిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ల కాళ్లకి దండం పెట్టి, పేరుపేరునా అడుగుతున్నావట. ఆ అడగడం మంచిదే. నేను కాదనను. కాలవ అవతలి ఓటు లేకుండా ఎవరూ మన ఊళ్లో సర్పంచి కాలేరు, కాకూడదు కూడా. సర్పంచి ఊరికి గాని పేటకి కాదు గదా.

కాని అమ్మా, మన ఇళ్లలో పెళ్లి పిలుపులు ఎలా పిలుస్తాం? సొంత అక్క ఇంటికైనా మొగుడూ పెళ్లాం వెళ్లి, కూర్చుని, కార్డు చేతికిచ్చి, తప్పకుండా రావాలి అని నోటితో చెప్పాలి. కార్డు కిటికీలో పెట్టి వెళ్లిపోతే తోడబుట్టినవాళ్లయినా భోజనానికి లేవరు. పరాయివాళ్లు ఒకవేళ సర్దుకుంటారేమో గాని, మనవాళ్లు సర్దుకోరు. మనవాళ్లు గనకే సర్దుకోరు. ఓటూ అంతే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు బయటివాళ్లని అడిగినంత ఓపికగా అమ్మని కూడా అడగాలి.

ఇక దారి సంగతి. మీ నాన్న పోయినప్పుడు జూలై నెల. గోదారి పొంగి, సమాధుల తోటకి వెళ్లే గట్టు మోకాలి లోతు నీళ్లలో ఉంది. పెట్టె భుజాన పెట్టుకుని మనవాళ్లు నీళ్ల దగ్గర నిలబడిపోయారు. అప్పుడు తన తోట కంచె తలుపు తీయించింది ఎవరు? భవానీదేవిగారు. గొడుగైనా లేకుండా వానలో నిలబడి, ఇటునించి తీసుకెళ్లండి బాబూ, అంది. ఓడిపోయిన నాటినించి మీ నాన్న ఆవిడతో పధ్నాలుగేళ్లు మాట్లాడలేదు. ఆ వీధిలో అడుగే పెట్టలేదు. చివరికి ఆవిడ కొబ్బరి చెట్ల నీడనే వెళ్లాడు. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నావు, నీకు ఆ తలుపు గుర్తుందో లేదో. ఆవిడకి మాత్రం గుర్తుంటుంది.

అలాంటి మనిషి దగ్గర ఆ దారి మాట దాస్తావా? ఆవిడ అరుగు మీదే కూర్చుని దారి కావాలని చెప్పు. మన పేటలో కూర్చుని డ్రైను పూడిక తీయిస్తానని చెప్పు. పూడిక తీస్తే చేలు మునగవు, చేలు మునగకపోతే మనవాళ్లకీ కూలి ఉంటుంది. రెండు చోట్లా రెండూ చెప్పు. రవిని కసురుకోకు. వాడు నీ గెలుపు కోసమే అన్నం నీళ్లు మానేసి తిరుగుతున్నాడు. కాకపోతే వాడికి లెక్కలు వచ్చినంతగా మనుషులు రారు. ప్రకాశరావు గారికి నా వందనాలు చెప్పు, ఆయన సలహా మాత్రం తీసుకోకు.

పోలింగు ఆదివారం పడింది. ఆరాధన అయ్యాక వెళదాంలే అని మనవాళ్లు బద్ధకిస్తారు, పొద్దున్నే ఓటు వేసి గుడికి రమ్మని ఇప్పటినించే చెబుతూ ఉండు. మేం శుక్రవారం బయలుదేరి వస్తున్నాం. నీ గుర్తు ఉంగరమని తెలిసి మీ మామయ్య తన వేలి ఉంగరం హేమ వాళ్ల అత్తగారికి చూపించి మరీ ప్రచారం చేస్తున్నాడు. ఆవిడ ఓటు మండపేటలో ఉందని ఎంత చెప్పినా వినడం లేదు.

వేళకి తిను. మజ్జిగ తాగు. గొంతు పోతే కరక్కాయ బుగ్గన పెట్టుకో.

నీ గెలుపు కోసం రోజూ మోకరిస్తున్న
నీ మేనత్త
సుందరమ్మ

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. గంగరాజు కింద హారను కొడుతున్నాడు, అయినా ఇది రాయకుండా పంపలేను.

మీ నాన్న నాలుగు ఓట్లతో ఓడిపోయాడు. ఆ ఏడు మా ఇంట్లో ఐదు ఓట్లు. మా అత్తగారు, నేను, మీ మామయ్య, మా మరిది, తోటికోడలు. ఆ ఐదూ పడలేదు. సాలమోను అవతలి వీధికి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ మా గుమ్మం ముందునించే వెళ్లాడు. ఒక్కసారైనా ఆగి, అక్కా, ఓటు వెయ్యవే, అనలేదు. అక్కే గదా అనుకున్నాడు. పోలింగు రోజున మీ మామయ్య చెప్పులు వేసుకుని బయలుదేరితే, అడగనివాడికి ఓటెందుకని నేనే ఆపాను. చేపల పులుసు పెట్టి అందరినీ ఇంట్లోనే కూర్చోబెట్టాను. వాడు ఎలాగూ గెలుస్తాడు, గెలిచాక వస్తే నాలుగు దులిపేద్దాం అనుకున్నాను.

సాయంత్రం వాడు వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని, అవతలవాళ్లు ముంచేసేరక్కా, అని ఏడ్చాడు. నేను వాడి తల నిమిరాను. నిజం చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, పధ్నాలుగేళ్లూ చెప్పలేదు, భవానీదేవిగారు వానలో తలుపు తీసిన రోజున కూడా చెప్పలేదు. ఆ వీధి మొత్తం మీద నింద వేసి వాడు వెళ్లిపోయాడు. అది నా పాపం, ఆ వీధిది కాదు.

ఈ ఉత్తరం రవికి చూపించినా, మానినా నీ ఇష్టం. భవానీదేవిగారికి మాత్రం తప్పకుండా చూపించు. తర్వాత ఆవిడ నా మొహం చూడకపోయినా సరే, నువ్వు చూడకపోయినా సరే.

శనివారం పొద్దున్నే మా తలుపు తీసే ఉంటుంది. ఇప్పుడు ఆ ఇంట్లో రెండే ఓట్లు. నిర్మలా, ఈసారి నువ్వు అడగకపోయినా వేస్తాం. కాని అడగమ్మా.